పాలు పోసే ఇంటి నుంచి కాలేజీకి

(ఆర్మూరులో జరిగిన పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల ప్రతినిధుల సమావేశంలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మేము వేదిక ఎక్కినామంటే ఆడిట్ అభ్యంతరాలు, అప్పుల బకాయిలు, ఎన్నికల నోటీసులు తప్ప వేరే మాట రాదని మీకందరికీ తెలుసు. ఈసారి పిల్లలను కాలేజీకి పంపడం వలన కలిగే ప్రయోజనముల గురించి మాట్లాడమన్నారు. ఇది లెక్చరర్లు చెప్పవలసిన మాట గదా అని మొదట అనుకున్నాము. తరువాత ఆలోచిస్తే ఇది మన శాఖ మాటే అని తోచినది. ఎందుకంటే ఏటా మే, జూన్ నెలలలో సంఘం ఆఫీసులలో బోనస్ ముందుగా ఇమ్మని, పాల బిల్లు మీద అడ్వాన్సు ఇమ్మని వచ్చే దరఖాస్తులు మేము చూస్తూనే ఉన్నాము. కారణం అన్నచోట ఎక్కువగా మూడే మాటలు కనపడతవి. ఒకటి కాలేజీ ఫీజు, రెండు వీసా, మూడు బిడ్డ పెండ్లి. ఇంట్లో ఇంటర్ పాసైన పిల్ల గాని పిల్లవాడు గాని ఉంటే ఆ వేసవిలో ఈ మూడింటిలో ఏదో ఒకటి తేల్చవలసి వస్తుంది. తేల్చేది తల్లిదండ్రులు. డబ్బు మాత్రం చాలా ఇండ్లలో పాల డబ్బే. పసుపు తొమ్మిది నెలల పంట, దాని డబ్బు ఏడాదికి ఒక్కసారి చేతికి వస్తుంది, అదీ మార్కెట్టులో ఆ నాటి ధర ఎట్లుంటే అట్లు. పాల బిల్లు పదిహేను రోజులకొకసారి వస్తుంది. ఫీజు గడువులు పసుపు కోసం ఆగవు.

సభ్యులు మాతో అనే మాట దాచకుండా చెప్పుకుందాము. "మూడేండ్లు కాలేజీకి వోయి ఏం జేస్తడు సారూ? గా మూడేండ్లల్ల దుబాయి వోతే అప్పన్న తీరుతది" అంటారు. "ఆడిపిల్లకు గింత సదువెందుకు? ఇంకో ఇంటికి వొయ్యేదే గదా" అంటారు. ఇట్లా అనేవారు మూర్ఖులు కారు. డిగ్రీ పాసై ఊళ్ళో ఖాళీగా తిరిగే పిల్లలను వారు కండ్లారా చూస్తున్నారు. ఫీజు కోసం భూమి అమ్మిన ఇంటిని కూడా చూస్తున్నారు. కనుక చదువు గొప్పదని ఉపన్యాసం చెప్పి పోతే వారికి జవాబు చెప్పినట్లు కాదు. లెక్కతో వచ్చిన ప్రశ్నకు లెక్కతోనే జవాబు చెప్పాలి.

ముందు మన పాల కేంద్రం కౌంటరు దగ్గర నుంచే మొదలుపెడదాము.

నాలుగైదు ఏండ్ల క్రిందట ఒక సంఘంలో మేము చూచిన సంగతి ఇది. సంఘం పేరు చెప్పము, ఇప్పుడు అక్కడ అంతా సక్రమంగా నడుస్తున్నది. ఒక సభ్యుని కూతురు ఆర్మూరు ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో బి.కాం. రెండవ సంవత్సరం చదువుతున్నది. ఉదయం కేంద్రంలో పాలు పోసేది ఆ అమ్మాయే. మిషను తెరపైన వచ్చిన వెన్న శాతం ఒక నోటుబుక్కులో రాసుకున్నది, పాస్ పుస్తకంలో ఎక్కించిన అంకె దాని పక్కన రాసుకున్నది. మూడు నెలలు రాసినది. మిషను 6.47 చూపితే పుస్తకంలో 6.4, మిషను 6.58 చూపితే 6.5. పైకి సవరించినది ఒక్కనాడూ లేదు. మహాజన సభలో లేచి, "ఈ పద్ధతి ఏ తీర్మానంలో ఉన్నది, చదివి వినిపించండి" అని అడిగినది. కార్యదర్శి మొదటి నుంచీ ఇదే పద్ధతి అన్నారు. మినిట్స్ పుస్తకాలు తెప్పించి చూస్తే అట్లాంటి తీర్మానం ఎక్కడా లేదు. ఆ డబ్బు ఎవరూ తినలేదు. అది సంఘం లాభంలో కలిసి, కొంత రవాణా తరుగు కింద సర్దుబాటయినది. కాని అది పాలు పోసినవారి డబ్బు.

ఎంత డబ్బు? లెక్క కొరకు కిలో వెన్నకు 800 రూపాయలు అనుకుందాము. రెండవ అంకె ప్రతిసారీ కొట్టివేస్తే సగటున అర పాయింటు, అనగా 0.05 శాతం పోతుంది. కిలో పాలలో అది అర గ్రాము వెన్న. అర గ్రాము అంటే 40 పైసలు. రోజుకు 5 కిలోల పాలు పోసే ఇంటికి 2 రూపాయలు, నెలకు 60 రూపాయలు. వంద మంది సభ్యులున్న సంఘంలో నెలకు 6,000, ఏడాదికి 72,000 రూపాయలు. ఒక్కొక్కరికి అది టీ ఖర్చు, కనుక ఎవరూ చూడరు. అందరిదీ కలిపితే నలుగురైదుగురు పిల్లల డిగ్రీ చదువుకు ఏడాది ఖర్చు. ఆనాటి సభలో రెండు అంకెలూ రాయాలని తీర్మానం అయినది. సభ అయినాక ఆమె తండ్రి మా దగ్గరకు వచ్చి, "మా బిడ్డనే సారూ అడిగింది" అని రెండుసార్లు చెప్పినాడు. మేము వింటూనే ఉన్నామని ఆయనకు తెలుసు, అయినా చెప్పినాడు.

ఆ అమ్మాయి చేసినది కూడికలే గదా, ఐదవ తరగతి చదివినవారికీ వచ్చును గదా అనవచ్చును. కూడిక వచ్చును. అంకెకు ఆధారం ఏ కాగితంలో ఉన్నదో అడగడం, నలుగురి ముందు నిలబడి తడబడకుండా అడగడం వేరే విద్య. మేము ముందు నుంచీ డిప్లొమాతో ఉద్యోగం చేసినవారము. బ్యాలెన్స్ షీటు చదవడం మాకు డిప్లొమా నేర్పినది. బ్యాలెన్స్ షీటు ఎందుకు అట్లా తేలినదో అడగడానికి మాకు ఉద్యోగంలో ఇరవై ఏండ్లు పట్టినది. మంచి కాలేజీలో మంచి మాస్టరు దొరికితే అది మూడేండ్లలో పట్టుబడుతుంది. ఉద్యోగం వచ్చినా రాకున్నా మనిషి దగ్గర ఉండిపోయే లాభం అదే.

పాల సహకారం పుట్టుకలోనే ఈ సంగతి ఉన్నది. గుజరాత్‌లోని ఖేడా జిల్లా రైతులు 1946లో పదిహేను రోజులు పాలు పోయడం ఆపి, ఆ ఏడు డిసెంబరు 14న తమ యూనియనును రిజిస్టరు చేసుకున్నారు. వారిని కూడగట్టిన త్రిభువన్‌దాస్ పటేల్‌గారు గుజరాత్ విద్యాపీఠంలో చదివి, స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్ళి వచ్చినవారు. పట్టుదలకు కొరత లేదు. అయితే మిషన్లు ఆగిపోతే బాగుచేసేవాడు లేడు. 1949లో ఆనంద్ ప్రభుత్వ క్రీమరీలో ఉద్యోగానికి వచ్చిన వర్గీస్ కురియన్‌గారు ఆ పనికి చేయి అందించినారు. ఆయన మద్రాసు లయోలా కాలేజీలో, గిండీ ఇంజనీరింగు కాలేజీలో, ఆపైన అమెరికాలోని మిషిగన్‌లో చదివిన ఇంజనీరు. ఆనంద్‌కు ఇష్టపడి రాలేదు. ప్రభుత్వ స్కాలర్‌షిప్ తీసుకున్నందుకు బాండు రాసి ఇచ్చినారు గనుక వచ్చినారు. ఆ తరువాత ఉండిపోయినారు. బర్రె పాలను పొడి చేయడం కాదని విదేశీ నిపుణులు అంటుంటే, హెచ్.ఎం. దలాయాగారు అదే ఆనంద్‌లో చేసి చూపించినారు. 1955 అక్టోబరులో ఆ ఫ్యాక్టరీని నెహ్రూగారు ప్రారంభించినారు. ఆ పొడి లేకపోతే చలికాలంలో మిగిలిన పాలు ఏమయ్యేవి? మన దగ్గర కూడా చలికాలంలో పాలు పొంగి వచ్చినప్పుడు ఏమి జరుగుతుందో మీకు చెప్పనవసరం లేదు.

పాలు పోసినవారు రైతులు. దారి చూపినవారు కాలేజీలో చదివినవారు. ఈ ఇద్దరూ ఒకరినొకరు నమ్మినారు గనుక ఆనంద్ నిలిచినది. 1979లో గ్రామీణ సంస్థల నిర్వహణ నేర్పడానికే అక్కడ ఒక విద్యాసంస్థ పెట్టినారు. 2025లో పార్లమెంటు చట్టం చేసి దానిని సహకార విశ్వవిద్యాలయంగా మార్చి త్రిభువన్‌దాస్‌గారి పేరు పెట్టినది. సహకార రంగం కోసం జాతీయ స్థాయిలో ఒక విశ్వవిద్యాలయం ఏర్పడడం ఇదే మొదలు. సొసైటీ కార్యదర్శి ఉద్యోగానికి చదువు అవసరమా అని అడిగే రోజులు పోయినవి.

అంత దూరం ఎందుకు, మన తెలంగాణలోనే ముల్కనూరు మహిళల డెయిరీ 2000 సంవత్సరం నుంచి నడుస్తున్నది. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద ఏర్పడినది. సభ్యులందరూ స్త్రీలే, పాలకవర్గమూ వారిదే. పాలకవర్గంలో ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవారు కూర్చుని చదువుకున్న ఉద్యోగులను పెట్టుకుని, వారిని లెక్క అడుగుతూ నడుపుకుంటున్నారు. మన సంఘాలలో పేడ తీసేది, పాలు పిండేది ఆడవారు, సభ్యత్వం మాత్రం మగవారి పేరున. దీని గురించి మేము ఇంతకుముందు చాలాసార్లు మొరపెట్టుకున్నాము, ఈనాటికి వదిలివేస్తాము.

ఇక ఏ కాలేజీ, ఎక్కడ అనే మాట. మా తాతల కాలంలో ఈ ప్రశ్నే లేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వచ్చినా చదువు ఉర్దూలో. తెలుగు ఇంటి పిల్లవాడు ముందు ఆ భాష పట్టుకోవాలి, ఆ తరువాత హైదరాబాదులో ఉండే దారి చూచుకోవాలి. ఇప్పుడు ఆర్మూరు చౌరస్తాలో నిలబడితే నాలుగు దిక్కులా చదువే. ఊళ్ళోనే ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే డిచ్‌పల్లిలో 2006లో ఏర్పడిన తెలంగాణ విశ్వవిద్యాలయం. అదే రోడ్డు మీద ఇంకా ముందుకు పోతే కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ కళాశాల. 2016 వరకు కామారెడ్డి మన జిల్లాలోనిదే. మన పాల డబ్బాల వెనుక ఉన్న శాస్త్రమంతా నాలుగేండ్ల బి.టెక్.గా నేర్పే కాలేజీ ఇంత దగ్గరలో ఉన్నదని మన సభ్యులలో ఎందరికి తెలుసు? మేము అడిగిన చోటల్లా తలలు అడ్డంగానే ఊగినవి. జగిత్యాల రోడ్డున పోతే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనా స్థానం, మెట్‌పల్లి దాటితే కోరుట్లలో పశువైద్య కళాశాల. నిజామాబాదు దాటి బోధన్ వైపు పోతే రుద్రూరులో ఆహార సాంకేతిక కళాశాల. పసుపు పండించి, పాలు పోసే ప్రాంతం చుట్టూ పసుపు చదువు, పాల చదువు, పశువుల చదువు, తిండి వస్తువుల చదువు అన్నీ అమరి ఉన్నవి. మన పిల్లలు మాత్రం వీటి గేట్ల ముందు నుంచి బస్సులో పోతూ, హైదరాబాదులో పేరు కూడా సరిగా తెలియని ఏదో కాలేజీలో చేరుతున్నారు.

డిగ్రీయే కావాలని కూడా లేదు. పదవ తరగతి తరువాత పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరవచ్చును. వ్యవసాయానికి, పశుసంవర్ధనానికి రెండేండ్ల డిప్లొమాలు వేరుగా ఉన్నవి. వ్యవసాయ డిగ్రీలో రైతుబిడ్డలకు కొన్ని సీట్లు ప్రత్యేకించి ఇస్తారు. దానికి భూమి కాగితాలు, పల్లెలో చదివినట్లు సర్టిఫికెట్లు కావాలి. ఆ కాగితాల కోసం కౌన్సెలింగ్ ముందు రోజు తహసీల్దారు ఆఫీసు ముందు నిలబడితే కాదు. పసుపు తవ్వకాలు అయిపోగానే, ఏప్రిల్‌లోనే తెచ్చి పెట్టుకోవాలి. డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. అందులో కాలేజీల పేర్లు వరుసగా పెట్టే పని నెట్ సెంటరు పిల్లవానికి అప్పగించి ఇంటికి పోవద్దు. వాడు తనకు తెలిసిన కాలేజీయే ముందు పెడతాడు.

పసుపు మాట వచ్చినది గనుక ఒక మాట. 2019 లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నుంచి 185 మంది పోటీ చేసినారు, అందులో 178 మంది రైతులు. పసుపు బోర్డు కావాలని, పసుపుకు, ఎర్రజొన్నకు ధర కావాలని చేసిన పని అది. 2025 జనవరి 14న, సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు ప్రారంభమయినది, కేంద్ర కార్యాలయం నిజామాబాదులోనే. సంతోషము. అయితే ఇకముందు పసుపును కొమ్ము చూచి, విరిచి వాసన చూచి మాత్రమే కొనరు. కర్కుమిన్ శాతం ఎంత, పురుగుమందు అవశేషం ఎంత అని ప్రయోగశాల కాగితం అడుగుతారు. ఎగుమతి చేసేవారికి అది తప్పదు. ఆ కాగితం రాసేవారు ఎవరు? కెమిస్ట్రీ చదివినవారు. బోర్డు కోసం నామినేషన్ వేసినవారి మనుమలు ఆ ప్రయోగశాలలో ఉంటారా, లేక గేటు బయట బస్తాలు దించుతుంటారా అనేది ఇప్పుడు ఇంటర్‌లో ఏ గ్రూపు తీసుకున్నారన్న దానిపై ఉన్నది. బస్తా దించడం తక్కువ పని అని మా ఉద్దేశం కాదు. రెండింటిలో ఏది కావాలో ఎంచుకునే వీలు పిల్లలకు ఉండాలని మాత్రమే.

దుబాయి గురించి చెప్పకుండా ఆర్మూరులో ఏ సభా పూర్తి కాదు. గల్ఫ్ పోవడం తప్పని మేము అనము. ఈ ప్రాంతంలో ఎన్ని ఇండ్లు ఆ సొమ్ముతో లేచినవో, ఎన్ని బర్రెలు ఆ సొమ్ముతో కొట్టంలోకి వచ్చినవో మా రికార్డులలోనే కనపడుతుంది. అయితే ఎట్లా పోతున్నాడన్నది ముఖ్యము. పదవ తరగతి కూడా పాసు కానివాని పాస్‌పోర్టు మీద, గల్ఫ్ దేశాలకు ఉద్యోగానికి పోయేముందు ప్రభుత్వ తనిఖీ కావాలనే నియమం వర్తిస్తుంది. మోసపోయే ప్రమాదం వీరికే ఎక్కువని ఆ నియమం. 1983 నాటి వలస చట్టం ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటే మనుషులను పంపాలి. లైసెన్సు నంబరు అడిగేవాడు ఎవడు? కాంట్రాక్టులో జీతం ఎంత, తిండి ఎవరిది, పని గంటలెన్ని, తిరుగు టిక్కెట్టు ఉన్నదా అని సంతకం చేయకముందు చదివేవాడు ఎవడు? ఎలక్ట్రికల్ డిప్లొమా పట్టుకుని పోయినవానికి, ఇంటర్ మధ్యలో వదలి ఏజెంటు చెప్పిన పనికి పోయినవానికి విమానం ఒకటే, దిగిన తరువాత బతుకు వేరు. అప్పు మూడేండ్లలో తీరుతదన్న అన్నకు మా జవాబు ఇదే. ఆ మూడేండ్లు ముందు చదువు మీద పెట్టి పోతే మంచి పని దొరికే అవకాశం ఎక్కువ, మోసపోయే అవకాశం తక్కువ.

ఇక ఆడపిల్లల సంగతి. పెండ్లికి చట్టం చెప్పే వయసు 18. ఇంటర్ అయ్యేసరికి అది దగ్గరకు వస్తుంది, వెంటనే సంబంధాలు మొదలు. కాలేజీలో చేరిన పిల్లకు మూడేండ్లు గడువు దొరుకుతుంది. ఈ మూడేండ్లలో ఆమె ఒంట్లో బలం, నోట్లో మాట, చేతిలో సర్టిఫికెట్టు మూడూ పెరుగుతవి. ఇంకో ఇంటికి పోయేదే అంటారు. పోనీండి, ఆ ఇంటి నుంచి కూడా పాలు పోస్తారు గదా! అక్కడి సంఘానికి లెక్క రాయగల కోడలు వచ్చినట్లే. మన సంఘానికీ ఎవరింటి బిడ్డో అట్లాగే వస్తుంది. బస్సు ఖర్చు అనే మాట 2023 డిసెంబరు నుంచి లేదు, ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేదు. ప్రభుత్వం 2016 నుంచి బాలికల గురుకుల డిగ్రీ కళాశాలలు పెట్టినది, అందులో తిండి, ఉండడం కూడా వారిదే. ఇన్ని ఉండి కూడా పిల్లను ఆపినామంటే కారణం డబ్బు కాదు, భయము. భయం గురించి తల్లులు తల్లులతో మాట్లాడితేనే పని అవుతుంది. మా వంటి మగ ఆఫీసర్లు చెప్పితే విని తలలూపి ఇంటికి పోతారు.

ఇంత చెప్పి, రెండవ వైపు చెప్పకపోతే అన్యాయం. కాలేజీ అన్నది ప్రతిదీ మంచిది కాదు. బర్రెను కొనేటప్పుడు పండ్లు చూస్తాము, పొదుగు చూస్తాము, రెండు పూటలు పాలు పిండి చూస్తాము. కొడుకును చేర్చేటప్పుడు మాత్రం రంగుల కాగితం చూచి లక్ష రూపాయలు కట్టి వస్తాము. ఆ కాలేజీకి అనుమతి ఏ విశ్వవిద్యాలయానిది? ఎందరు మాస్టర్లు నిజంగా వస్తున్నారు? ల్యాబులో సామాను ఉన్నదా, తాళం ఉన్నదా? నిరుడు పాసైనవారు ఎందరు? పోయి అడగండి. ఫీజు రీయింబర్స్‌మెంటు 2008 నుంచి అమలులోకి వచ్చి పేదింటి పిల్లలు ఎందరినో ఇంజనీర్లను చేసినది, ఇది నిజం. ఇటీవలి సంవత్సరాలలో ఆ డబ్బు ఆలస్యం కావడం, సర్టిఫికెట్ల కోసం తల్లిదండ్రులు ప్రైవేటు కాలేజీల చుట్టూ తిరగడం, ఇదీ నిజం. ఆ డబ్బు తప్పక వస్తుందనే ధైర్యంతో మాత్రమే పెద్ద ఫీజు కాలేజీలో చేర్చవద్దు. భూమి అమ్మి పేరులేని కాలేజీలో ఇంజనీరింగు చదివించడం కన్న ప్రభుత్వ కాలేజీలో శ్రద్ధగా బి.ఎస్సీ. చదివించడం మేలని మా అభిప్రాయం. దీనికి మాతో ఏకీభవించనివారు ఈ సభలోనే ఉన్నారని తెలుసు.

ప్రభుత్వ కాలేజీ చదువుకు ఎంత కావాలి? కిలో వెన్న 800 చొప్పున, 6 శాతం వెన్న ఉన్న కిలో పాలకు 48 రూపాయలు. రోజుకు ఒక్క కిలో పాల డబ్బు పిల్ల చదువు పేరున పక్కన పెడితే ఏడాదికి 17,520 రూపాయలు, మూడేండ్లకు 52,560. పుస్తకాలు, పరీక్ష ఫీజులు, బట్టలు, ఒక మామూలు ఫోను ఇందులోనే వస్తవి. ఇంటర్ పాసైన రోజు నుంచి కాకుండా, పిల్ల తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పటి నుంచే పక్కన పెడితే అడ్వాన్సు దరఖాస్తుతో మన ఆఫీసు మెట్లు ఎక్కే అవసరం ఉండదు.

"చదివినోడు బర్రె దగ్గరికి రాడు సారూ" అనే మాట కూడా ఉన్నది. చాలామంది రారు, ఒప్పుకుంటాము. పదిమందిలో ఒకరు వచ్చినా మనకు చాలు. రానివారు ఊరికి పనికిరారని కాదు. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు ఫోనులోనే బ్యాంకు నోటీసు చదివి చెప్పడం, పశువుల బీమా క్లెయిము కాగితాలు నింపి పంపడం మేము చూస్తున్నాము. ఇంట్లో చదివినవాడు లేని సభ్యుడు అదే నోటీసు పట్టుకుని మూడు రోజులు ఊరంతా తిరుగుతాడు.

వయసు దాటిన కార్యదర్శులకు, పాల పరీక్షకులకు కూడా దారి ఉన్నది. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో మన రాష్ట్రంలోనే పుట్టినది. దాని మొదటి వైస్ ఛాన్సలరు జి. రామిరెడ్డిగారు కరీంనగర్ జిల్లా పల్లెటూరివారు. 1991లో దానికి అంబేడ్కర్‌గారి పేరు పెట్టినారు. ఉద్యోగాలు, సేద్యం చేసుకుంటూ డిగ్రీ పూర్తి చేసినవారు మన శాఖలోనే ఎందరో ఉన్నారు. కేంద్రంలో పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు పని చేసే కార్యదర్శికి మధ్యాహ్నం చదువుకోవడానికి వీలు లేదంటే మేము నమ్మము.

సంఘం ఏమి చేయవలెను? సహకార విద్య అన్నది సహకార సూత్రాలలో ఒకటి, 1995లో అంతర్జాతీయ సహకార సమాఖ్య మళ్ళీ ప్రకటించిన ఏడు సూత్రాలలో ఐదవది. అంతకుముందెప్పుడో, 1844లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో నేతగాండ్లు, చేతిపనివాండ్లు కలిసి దుకాణం పెట్టుకుని, తరువాత మిగులులో నూటికి రెండున్నర చదువు కోసం తీసి, సభ్యులకు గ్రంథాలయము, చదువుకునే గది నడిపినారు. వారంతా కూలి మీద బతికేవారే. మన సంఘాలు నికర లాభం పంచేటప్పుడు రిజర్వు ఫండుకు, బోనస్‌కు పోను, నియమావళి అనుమతించే మేరకు సభ్యుల పిల్లల చదువుకు కొంత ప్రత్యేకించాలని మా మనవి. చిన్న మొత్తమయినా సరే. ఎవరికి ఇచ్చినారు, ఏ కారణం చేత ఇచ్చినారు అనేది మహాజన సభలో చదివి వినిపించాలి. అధ్యక్షుని బంధువుల పిల్లలకే పోయిందన్న మాట ఒక్కసారి వస్తే ఆ నిధి అక్కడితో సరి. మన ప్రాంతంలో ఊరి కమిటీలు గుడికి, కమానుకు లక్షలు పోగుచేస్తున్నవి, అందులో తప్పేమీ లేదు. అదే కమిటీ ముందు, ఈ ఏడు ఊళ్ళో ఇంటర్ పాసైనవారు ఎందరు, కాలేజీలో చేరినవారు ఎందరు అని ఒక కాగితం పెడితే వద్దనేవారు ఉండరు.

కాలేజీలో చేరిన పిల్లలను జనవరి నుంచి మార్చి వరకు పసుపు ఉడికించడానికి, ఆరబెట్టడానికి ఇంట్లో ఆపుకోవడం మన దగ్గర అలవాటు. ఆదివారాలు, సెలవులు ఆపుకోండి. హాజరు తక్కువైతే పరీక్షకు కూర్చోనివ్వరు, స్కాలర్‌షిప్ ఆగుతుంది, కూలి మనిషికి ఇచ్చే డబ్బు కన్న అక్కడ పోయేదే ఎక్కువ.

చివరగా కార్యదర్శులకు ఒక పని. చాలా ఊళ్ళలో ఉదయం పాలు తెచ్చేది కాలేజీకి పోయే పిల్లలే. కేంద్రం తెరిచేసరికి ఆరున్నర, వరుసలో తమ వంతు వచ్చేసరికి ఏడున్నర, ఆ మధ్యలో బస్సు పోతుంది. బస్సు తప్పితే మొదటి పీరియడు పోయినట్లే. ఉదయం కేంద్రం ఒక అరగంట ముందుగా తెరచి, కాలేజీ పిల్లల పాలు ముందు కొలిచి పంపించండి. దీనికి ఫెడరేషన్ అనుమతి అక్కరలేదు, పాలకవర్గం తీర్మానం చాలు. ట్యాంకరు వేళ మారదు, పాలు ఎప్పటి వలెనే చేరుతవి. వచ్చే నెల మేము తనిఖీకి వచ్చినప్పుడు మినిట్స్ పుస్తకంలో ఆ తీర్మానం ఏ తేదీన రాసినారో చూస్తాము.